బాపు సీసపు గుండు

తమ్ముడు రాజలింగుకు మీ అక్క రాస్తున్నది.

తెలంగాణ సమ్మెతో బస్సులు బందయినయి, రాలేకపోతున్నాను. రోడ్డు మీద వంటావార్పుకు చిట్యాల నుంచి వచ్చిన మీ ఊరివాళ్లతో ఈ చీటీ పంపుతున్నాను.

తెప్ప వెనక గాలం లాగుతుంటే దాని తాడుకు కట్టిన సీసపు గుండు చెరువులో మునిగిన మోళ్లకు తట్టుకుంటోందట. ఈసారి మునిగి తీస్తానన్నావట. జర విను. తట్టుకోగానే గుంజకు, తాడు తెగుతుంది. తెప్పను వెనక్కి తిప్పి, మోడు దాటి, అవతలి నుంచి మెల్లగా లాగు. తాడు కొసకు ఖాళీ ప్లాస్టిక్ బాటిల్ కట్టు. చెయ్యి జారినా ఎక్కడుందో తేలి చూపిస్తుంది. అప్పటికీ రాకపోతే తాడు కోసెయ్యి. నీళ్లలో దిగకు.

"అది మీ బాపు గుండు, పోనియ్యకు బిడ్డా" అని అవ్వ అంటుంది. అననీ, ఎదురు చెప్పకు.

బాపు జ్వరంతో పోయాడని నీకు చెప్పాం. అప్పుడు మనం గంగారంలో ఉన్నాం, నువ్వు చంటివాడివి. గుండు ఇట్లే మోడుకు తట్టుకుంటే విడిపించడానికి మునిగాడు. ఆయన పీనుగను పైకి తీసినప్పుడు అది పిడికిట్లోనే ఉంది.

ఆ గుండు మనకు అట్ల మిగిలింది.

మీ అక్క
రేగొండ