ఓటు చీటీల గదిలో విత్తనపు వడ్లు

ఇసకమిట్ట గ్రామం, చిల్లకూరు దాపు.
అక్టోబరు, 1964.

తాలూకా తాసిల్దారు వారి సముఖమునకు, ఇసకమిట్ట కాపురస్తురాలు, కీర్తిశేషులు చెంగయ్య గారి భార్య వెంకటశేషమ్మ వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా మిద్దె గదిలో భద్రపరచిన పంచాయతీ ఎన్నికల ఓటు చీటీల గురించి, ఆ గది తాళమునకు వేసిన లక్క సీలు పగిలినందు గురించి, అందులో తలారి తప్పు ఏమియు లేనందు గురించి.

1. ఎన్నికలనాడు ఓట్లు లెక్కించిన పిమ్మట గాలివాన వచ్చి వాగు పొంగినందున, ఊళ్ళో ఉన్న ఒకే ఒక మిద్దె గది మాదని ఎన్నికల ఆఫీసరు గారు చీటీల సంచిని అందులో పెట్టించి, తాళం వేసి, లక్క పోసి ముద్ర వేసినారు. "తెల్లారి తీసుకుపోతామమ్మా" అన్నారు. ఆ గదిలోనే నా విత్తనపు మొలకొలుకుల వడ్ల మూటలు ఉన్నవి. ఒక్క రాత్రికి ఏమవుతుందిలే అని నేనూ ఊరకుంటిని.

2. మా వార్డు మెంబరుగా పద్మనాభయ్య గారు మూడు ఓట్ల తేడాతో గెలిచినారు. ఓడిన హజరత్తయ్య గారు లెక్క తప్పని కోర్టులో దావా వేసినారు. దావా తేలేవరకు చీటీలు ఉన్నచోటనే ఉండవలెనని ఉత్తరువు వచ్చినది. చీటీలతోపాటు నా వడ్లు కూడ ఉన్నచోటనే ఉండిపోయినవి.

3. వానలు పడి ఊరంతా నారు పోసుకున్నారు. నా మడి ఒక్కటే దున్నించి ఉత్తదిగా ఉన్నది. అదును తప్పితే ఏడాది తిండి తప్పినట్లే. గదికి కావలి ఉన్న తలారి చిన్నపోలయ్యను అడిగితే, "నువ్వు పెట్టే సంగటికి ఆశపడి సీలు ముట్టుకుంటే నాకు జైలు సంగటే గతి తల్లీ" అన్నాడు. పద్మనాభయ్యను అడిగితే హజరత్తయ్య ఒప్పుకోవాలన్నాడు. హజరత్తయ్యను అడిగితే, "ఆ మూడు ఓట్లు మీ ఇంటివే గదా అక్కా" అన్నాడు. అయ్యా, మా ఇంట ఉన్నవే రెండు ఓట్లు, నాదీ మా అత్తదీ. మా అత్త ఎవరికి వేసిందో నాకే చెప్పలేదు.

4. పది రోజుల క్రిందట ఆదివారం మధ్యాహ్నం కుండపోత వాన. మిద్దె బీట వారి గదిలోకి నీళ్ళు కారుచుండగా తలారి కిటికీలోంచి చూచి కేక పెట్టినాడు. పద్మనాభయ్య ఆ సందులోంచి, హజరత్తయ్య ఈ సందులోంచి తడుచుకుంటూ పరుగెత్తి వచ్చినారు. ఎన్నికలు అయినది మొదలు ఒకరి ముఖం ఒకరు చూడనివారు, ఒకే కిటికీలో ఇద్దరూ తలలు పెట్టినారు. నీళ్ళు చీటీల సంచి మీదనే పడుచున్నవి.

నేను ఉండబట్టలేక, "సీలు దేనికి వేసినారయ్యా? చీటీలను కాపాడేదానికా, లక్కను కాపాడేదానికా?" అంటిని.

"పగలగొట్టు పద్మనాభన్నా" అన్నాడు హజరత్తయ్య.

"నేను కొడితే రేపు కోర్టులో నా మీద చెప్తావు. నువ్వే కొట్టు."

"నేను కొడితే నువ్వు చెప్పవా?"

వాన ఆగేటట్టు లేదు. నేను రోకలి తెచ్చితిని. ముగ్గురమూ కలిసి పట్టుకుని తాళం పగలగొట్టితిమి. సీలు పగిలినది ఇట్లు. ఆ సమయమున తలారిని గోడ వైపు తిప్పి నిలబెట్టినాము గనుక అతడు ఏమియు చూడలేదు.

5. సంచి పైపైననే తడిసినది. దాని మూతికి ఉన్న ముద్ర చెక్కు చెదరలేదు. సంచిని మా ట్రంకు పెట్టెలో ఉంచి, ఆ ఇద్దరూ చెరొక తాళం వేసినారు. నా వడ్లు ఆ వానకే నాని, రెండు రోజులకు మూటలోనే మొలకెత్తినవి. ఆ మూటలను కూడ వారే భుజాన మోసి మడి దగ్గరకు చేర్చినారు. నారు పోసినాను. ఇప్పుడు పచ్చగా లేచి ఉన్నది. అది చూచినప్పుడల్లా, అయ్యా, మీకు సీలు పగలగొట్టిన సంగతి రాయవలెనన్న భయం కూడ సగం పోవుచున్నది.

కాబట్టి తమరు దయచేసి తలారి ఉద్యోగమునకు ముప్పు రాకుండ చూడవలెను. శిక్ష తప్పదంటే మా ముగ్గురికీ కలిపి వేయవలెను, ఒకరిని వదిలితే మిగిలిన ఇద్దరూ ఊరుకోరు. బండి పంపి చీటీలను కచ్చేరికి చేర్పించి, ట్రంకు పెట్టె నాకు తిరిగి ఇప్పించవలెను. ఇది చిత్తగించవలెను, కోప్పడవలెనన్నచో మా ఊరు వచ్చి, చేపల పులుసుతో భోంచేసి, ఆపైన కోప్పడవలెను.

తమ విధేయురాలు,
వెంకటశేషమ్మ

తా.క.: పెట్టెను ఒకరికి వదిలి ఒకరు పోలేక ఇద్దరూ నా అరుగు మీదనే కూర్చుని పులిజూదం ఆడుచున్నారు. ఇప్పుడే హజరత్తయ్య, "దావా వాపసు తీసుకుంటాను పోన్నా" అన్నాడు. పద్మనాభయ్య ఒప్పుకోలేదు. "అట్టెట్ట కుదురుతాది? చీటీలు మళ్ళీ లెక్కపెట్టాల్సిందే. నేను గెలిచింది నువ్వు కళ్ళారా చూడాల" అన్నాడు. మళ్ళీ తగువు మొదలైనది. బండి త్వరగా పంపండి అయ్యా. పగవాళ్ళుగా ఉన్నప్పుడు ఎవరింట్లో వాళ్ళు తినేవాళ్ళు.