రెండు వందల మిల్లీలీటర్లు

మార్చి 4, సోమవారం
పులివెందుల ఆసుపత్రిలో డాక్టరుగా తొలి రోజు. గత మూడు నెలల కాన్పుల కేస్‌షీట్లు ముందు వేసుకుని కూర్చున్నాను. మొత్తం నలభై ఒకటి. రక్తస్రావం గడిలో అన్నింటా ఒకే అంకె: 200 ml.

కొలిచి రాసినవేనా అని స్టాఫ్ నర్స్ నాగలతను అడిగాను. ఇరవై రెండేళ్ల సర్వీసు ఆమెది. చేతిలో మంచి పనితనముంది. నవ్వింది. కొల్చేదానికి అవేమన్నా పాలా మేడం, చూస్తే తెలీదా అంది.

మార్చి 5
ఒక కాన్పు చూశాను. బిడ్డ కేర్‌మన్న మరుక్షణమే ఆయా రాజమ్మ తడిసిన గుడ్డలన్నీ బకెట్‌లో వేసి డెట్టాల్ నీళ్లు పోసింది. బంధువులు లోపలికి వచ్చేసరికి ఎక్కడా ఒక్క మరక లేదు. అది ఆమెకు గర్వకారణం. పోయిన రక్తం లెక్క కూడా ఆ నీళ్లలోనే కలిసిపోయింది.

ఇకపై గుడ్డలను బిడ్డ తూకం మిషన్‌పై తూచి, పొడి గుడ్డల బరువు తీసివేయాలన్నాను. గ్రాముకు దాదాపు ఒక మిల్లీలీటరు. రాజమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. పసిబిడ్డను పండబెట్టేదాంట్లో మైల గుడ్డలా, నా చేత కాదు, ఇంగెవురికన్నా చెప్పుకో మేడం అంది.

నేను గట్టిగా చెప్పలేదు. చెప్పవలసింది.

మార్చి 7
ఇరమ్. ఇరవై ఏళ్లు, తొలి కాన్పు, నెలలు నిండాయి. హిమోగ్లోబిన్ 7.2. మరొకరు తట్టుకోగల రక్తస్రావం ఈ పిల్ల ప్రాణం తీయగలదు. ఇప్పుడే ప్రొద్దుటూరు వెళ్లి చేరమని రాసిచ్చాను. అక్కడ బ్లడ్ బ్యాంక్ ఉంది. అత్త ఖమర్‌బీ వినలేదు. మా పిల్లోడు హఫీజ్ కువైట్‌లో ఉండాడు, ఆడ మాకెవరుండారు, నొప్పులొస్తే ఈడికే వస్తాం, నువ్వుండావు గదా బేటీ అంది.

మార్చి 10
ఇరమ్ వాళ్లింటికి ఫోన్ చేశాను. ప్రొద్దుటూరు వెళ్లలేదు.

మార్చి 13, బుధవారం, సాయంత్రం 4:30, ప్రొద్దుటూరు
ఉదయం 9:50కి ఇరమ్ వచ్చింది. ఫుల్ డైలటేషన్, ఏ క్షణమైనా కాన్పే. పంపే వ్యవధి లేదు. 108 అంబులెన్స్‌ని పిలిపించి వాకిట్లో ఉంచాం. 10:20కి ఆడపిల్ల. వెంటనే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇచ్చాం. మాయ పూర్తిగా వచ్చింది, గర్భాశయం గట్టిగానే తగిలింది. నాగలత 200 అని రాసేసింది. పల్స్ 116, ఎక్కువే. శానా కష్టపడింది గదా, అంతుంటాదిలే మేడం అంది. నేనూ నమ్మబోయాను.

రాజమ్మ బకెట్ ఎత్తింది. మళ్లీ దించింది. మిషన్ మీది బిడ్డను తీసి ఖమర్‌బీ చేతుల్లో పెట్టింది. ప్లాస్టిక్ షీటు పరిచి, గుడ్డలు తానే ఒక్కొక్కటిగా పేర్చింది. రోజూ మోసే చెయ్యి ఇది, ఈ పొద్దు బరువు ఎక్కువుండాది అంది.

పొడి బరువు పోను 640 గ్రాములు. ఇంకా కారుతోంది. మళ్లీ చేయి వేసి చూస్తే గర్భాశయం మెత్తబడింది; అది గట్టిపడితేనే రక్తం ఆగేది.

ఆ తర్వాత నాగలత చేతులు ఆగలేదు. మసాజ్, రెండో సెలైన్, రక్తం ఆగడానికి ట్రానెగ్జామిక్ ఇంజెక్షన్. 108లో నేనూ ఎక్కాను. రంజాన్ ఉపవాసంలో ఉన్న ఖమర్‌బీ దారి పొడవునా కోడలి అరికాళ్లు రుద్దుతూ దువా చేసింది. ఇక్కడ రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. 1:40కి రక్తస్రావం ఆగింది. ఇప్పుడే ఇరమ్ బిడ్డను చూపించమంది.

మార్చి 14
నాగలత షీట్‌లో 200 కొట్టేసి, తూచినంతవరకు 640 అని రాసి, సంతకం పెట్టింది. ఆ నలభై ఒకటీ చూడంగానే కొల్చలేదని మీకెట్ల తెల్సింది మేడం అని అడిగింది.

ఓపీకి వేళయిందని లేచి వచ్చేశాను.

మార్చి 15
జమ్మలమడుగు, 2009. పెంచలమ్మ, రెండో కాన్పు. రక్తస్రావంతో ఆమె ప్రాణం పోయిన తర్వాత కూడా షీట్‌లో 200 అనే ఉంది.

చేతిరాత నాది.