చెంప మీద వేలిముద్ర

టంకశాలలో నాణేల అచ్చులు చెక్కి రిటైరైన నేను, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా తదనంతరం అమలు కావలసినదిగా రాయించిన వీలునామా ఇది. పాడైంది ఊపిరితిత్తులే గానీ బుర్ర కాదు. అనుమానం ఉన్నవాళ్లు డాక్టర్ని అడగండి.

1. ఇల్లూ అందులోని సామానూ, పాత నాణేల దుకాణం నడిపే మా చిన్నవాడికి సర్వహక్కులతో చెందుతాయి. వంటగది గోడకు పట్టిన చెమ్మ కూడా వాడిదే.

2. నా ఉలులూ భూతద్దమూ టంకశాలలో నా తర్వాత నా బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయికి. చేతి గడియారం మా బావమరిదికి. మా పెద్దవాడిని సాగనంపిన రోజు ఆయన మాటిమాటికీ టైము చూసుకున్నాడు. ఇక తనివితీరా చూసుకోవచ్చు.

3. డబ్బీలో దాచుకున్న వెండి నాణెం సంగతి. పునరుజ్జీవన కాలపు చిత్రకారుడొకాయన స్మారకంగా మా టంకశాల దాన్ని వేసింది. ఊళ్లో వాళ్లందరి బొమ్మలూ గీసిన ఆ మనిషి తన ముఖం మాత్రం ఎక్కడా మిగల్చలేదు. తగిన ముఖమేదో నన్నే చెక్కమన్నారు. అంతకుముందు ఏడాదే జ్వరంతో పోయిన మా పెద్దవాడి ముఖం చెక్కాను. జన్మలో కుంచె పట్టనివాడు. కమిటీవారు చూసి, కళాకారుడి కళ ఉట్టిపడుతోందన్నారు.

అద్దంలా మెరిసే అలాంటి నాణేన్ని అంచులు పట్టుకునే తీయాలి. ముఖం మీద వేలు పడితే మరక వెండిలోకి దిగిపోతుంది. ఇంట్లో అందరికీ చెప్పాను, మా ఆవిడకు మరీ మరీ చెప్పాను. అయినా ఒకరోజు నేను పనికి వెళ్లాక ఆమె డబ్బీ తెరిచి, వాడి చెంప మీద బొటనవేలు ఆనించింది. ముద్ర గోధుమరంగులో తేలింది. నోటికొచ్చినట్టు తిట్టాను. "నా బిడ్డే కదండీ" అని ఊరుకుంది. పోయేదాకా మళ్లీ ఆ డబ్బీ జోలికి రాలేదు. తలుచుకుంటే అన్నం సయించదు.

4. "వెండి కడిగే మందులో ఒక్కసారి ముంచితే మరక పోతుంది నాన్నా" అంటాడు చిన్నవాడు. పోతుందని నాకూ తెలుసు. అందుకే నాణెం వాడికి ఇవ్వడం లేదు, వాడి భార్యకు ఇస్తున్నాను. "అత్తయ్య వేలేనా మామయ్యా?" అని అడిగింది ఆ పిల్ల ఒక్కతే. నాణేన్ని తుడవకూడదు, ముంచకూడదు, అమ్మకూడదు. ఆ తల్లీకొడుకులు ఇంకా కలిసి ఉన్న చోటు అదొక్కటే. చిన్నవాడు ఈ షరతు మీరితే ఇల్లు కూడా కోడలికే చెందుతుంది.

5. వాణ్ణి చెక్కింది నేనే గానీ, నాణెం మీద ఏనాడూ ముట్టుకోలేదు. ఈరోజు సంతకం చేసే ముందు డబ్బీ తీయించి, వాడి నుదుటి మీద నా బొటనవేలు ఆనించాను. చాలాసేపు ఉంచాను. సాక్షులు చూశారు. ఆ మరకకు కూడా పై షరతే వర్తిస్తుంది.

తేదీ: ఈ నెల పద్నాలుగు, శుక్రవారం.
సంతకం: అచ్చులు చెక్కినవాడు
సాక్షులు: ఎదురింటి దర్జీ, టంకశాల పాత కాపలాదారు