పప్పుల పొడి, కూ లావ్ చామ్ దీవి

3 జులై 2025, గురువారం

గల్ఫ్ దేశపు మహబూలాలో లిఫ్టు పనిచెయ్యని బిల్డింగు, పదకొండో నంబరు ఫ్లాటులో కాపురముండు సకల జీవులకు, అనగా ముగ్గురు మనుషులకు, లెక్కకు అందని బొద్దింకలకు చేయు చాటింపు: బాత్రూములోని ఎర్ర మగ్గు నాది. నిన్న నాది, నేడు నాది, నేను దేశంలో లేని వారం రోజులూ నాదే. ముట్టినవారికి జుట్టు రాలును. ఇట్లు, వెంకటరాజు, పదో తరగతి రెండుసార్లు తప్పినవాడు.

రాసి తలుపుకి అంటించాను. మణి చదివి, దేశంలో లేకపోవడమేంటి, ఎక్కడికి తగలడుతున్నావ్ అన్నాడు. వియత్నాం అన్నాను. మంచం మీద పడి దొర్లాడు. వీసా కాగితం చూపిస్తే, ఇది కూడా జిరాక్స్ షాపులో చేయించేవా, ఫొటో బాగా వచ్చిందిరా అన్నాడు. మణి ఏసీ మెకానిక్కు. మాది పక్కపక్క ఊళ్ళే, రాజోలు అవతల. వాడి తప్పు లేదు. పోయినేడు వాడి ఫోన్‌కి లాటరీ తగిలిందని మెసేజ్ పెట్టింది నేనే.

వియత్నాం మాత్రం నిజం. నాకు వీసా, పని ఇచ్చిన మా కఫీల్‌కి ఎనభై ఏళ్ళు. అందరం బాబా అంటాం. పద్నాలుగేళ్ళుగా కారు నేనే నడుపుతున్నాను. ఆయన మోకాళ్ళు పోయాక చక్రాల కుర్చీ కూడా నేనే తోస్తున్నాను. కూతురు మేడమ్ ఏదో దీవి చూడాలంది. రాజు వస్తేనే నేను వస్తా, మిగతావాళ్ళు తోస్తే కుర్చీ గోడకి కొడతారు అన్నాడట బాబా. నా మొహం చూసి కాదు, నా చేతులు చూసి టికెట్ తీశారు. అయినా రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. ఆ చేతులే కదా.

4 జులై, శుక్రవారం

అన్వర్ బాషాకి కూడా చెప్పాను, వియత్నాం వెళ్తున్నానండీ అని. ఉల్లిపాయలు తరుగుతున్నాడు. తరుగుతూనే ఉన్నాడు.

పన్నెండు వారాలు అయింది ఆయన నాతో మాట్లాడి. మా ఫ్లాటులో మూడో మంచం ఆయనది. రాయచోటి మనిషి, అబూ హలీఫాలో హోటల్లో వంట మాస్టరు. శుక్రవారాలు మాకు కూడా వండుతాడు. ఇప్పుడూ వండుతాడు. నా పళ్ళెం కూడా పెడతాడు. మాటే పెట్టడు.

ఎందుకో రాసుకోవాలి. ఇంతవరకూ రాయలేదు, సిగ్గేసి.

ఏప్రిల్ 13న మణి దగ్గర కొత్త సిమ్ తీసుకుని, ముక్కుతో అరబ్బీ హిందీ కలిపి ఆయనకి ఫోన్ చేశాను. నీ బసమా పడలేదు, వేలిముద్రలు మళ్ళీ ఇవ్వాలి, రేపు పొద్దున్నే ఆఫీసు గేటు దగ్గర నిలబడు, లేకపోతే ఇఖామా ఖలాస్, ఇక్కడ ఉండే పర్మిట్టే రద్దు అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఫోన్ తేకూడదు అని మసాలా కూడా కలిపాను. పాపం ఫోన్ రూములో పెట్టి పోయాడు. నాలుగు గంటలు ఎండలో నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు. ఎవరు పిలుస్తారు?

ఆ రోజు సాయంత్రం ఆయన కూతురు ఆస్మా నిఖా. వీడియోలో చూడాలని కొత్త చొక్కా ఇస్త్రీ చేసి పెట్టుకున్నాడు. ఖాజీగారికి వేరే పని పడి నిఖా పొద్దున్నకి మార్చారు. ఆయన తిరిగొచ్చేసరికి ఫోన్‌లో పదిహేడు మిస్డ్ కాల్స్. నిఖా అయిపోయింది.

ఫోన్ చేసింది నేనేనని మణి నోరు జారాడు. బాషాగారు నన్ను తిట్టలేదు. ఒక్క మాటైనా తిట్టి ఉంటే బాగుండును.

ఈ నెల 28న ఆయన ఉద్యోగం ఖలాస్ చేసుకుని ఊరికి వెళ్ళిపోతున్నాడు. మళ్ళీ రాడు.

5 జులై

నిన్నటి పేజీ మీద పసుపు వేలిముద్ర. మణి గుడ్డు కూడా ఉడకబెట్టడు. బాషాగారు రాయచోటిలో ఏడో తరగతి దాకా తెలుగు బడిలో చదివాడు. మాట్లాడ్డు గానీ చదువుతాడన్నమాట.

చదవనీ.

12 జులై, శనివారం

పెట్టె సర్దాను. మణి ఒక పొట్లం తెచ్చి, బాషాభాయ్ ఇమ్మన్నాడు అన్నాడు. పైన మార్కరుతో ఆయన చేతిరాత: పప్పుల పొడి. ప్లాస్టిక్ కవరు మీద కవరు, దాని మీద ఇంకో కవరు, చుట్టూ బ్రౌన్ టేపు. గల్ఫ్‌లో ఉన్న మన వాళ్ళ పొట్లమంటే అలాగే ఉంటుంది. మూడు సముద్రాలు దాటించినా వాసన బైటకి రాదు.

వంటింట్లోకి వెళ్ళి థాంక్సండీ అన్నాను. మిక్సీ వేశాడు. ఖాళీ మిక్సీ.

పర్వాలేదు. పొడి ఇచ్చాడంటే సగం తలుపు తీసినట్టే.

14 జులై

వియత్నాం, దనాంగ్ ఊరు. వాన. మహబూలాలో యాభై డిగ్రీలు తాగి వచ్చినవాడికి వాన చూపిస్తే కళ్ళమ్మట నీళ్ళొస్తాయి. మేడమ్ నాకు జలుబు చేసిందనుకుని బిళ్ళ ఇచ్చింది. వేసుకున్నాను.

16 జులై, బుధవారం. హోటల్, సాయంత్రం 6

తల మీద తడిగుడ్డ వేసుకుని రాస్తున్నాను. ఎండ దెబ్బ.

పొద్దున్న స్పీడ్ బోటు ఎక్కి కూ లావ్ చామ్ అనే దీవికి వెళ్ళాం. దిగగానే బోర్డు, బయోస్ఫియర్ రిజర్వ్ అని. మేడమ్ విడమరిచి చెప్పింది. చెట్టు, చేప, పీత, మనిషి, ఎవడూ ఇంకోడి పొట్ట కొట్టకుండా సర్దుకుని బతకాల్సిన చోటట. మా ఫ్లాటుకి కూడా ఆ బోర్డు పెట్టాలి. అందులో రూలు తప్పింది నేనొక్కణ్ణే.

ఆ దీవిలోకి ప్లాస్టిక్ కవరు తేకూడదు. జెట్టీలో ఒక గార్డమ్మ నిలబడి సంచీలు చూస్తోంది. నా సంచీలో చెయ్యి పెట్టి పొట్లం తీసింది. ఫుడ్ ఫుడ్ అన్నాను. తింటున్నట్టు చేసి చూపించాను. సరే, కవర్లు తీసి కాగితంలో పెట్టుకో అని సైగ చేసి కత్తెర ఇచ్చింది.

ఒక కవరు. రెండో కవరు. వెనక క్యూ పెరుగుతోంది. మూడోది. నాలుగోది తీస్తుంటే మేడమ్ శినో హాదా రాజూ, ఏంటిది, శినో హాదా అని పళ్ళు కొరుకుతోంది. అయిదోది తీశాను.

ఇసుక.

తెల్లగా, సన్నగా, మధ్యలో రెండు గవ్వలు, ఒక సిగరెట్ పీక. పదేళ్ళుగా సాయంత్రాలు నడుస్తున్న మహబూలా బీచి ఇసుక. నాకు తెలీదా?

పిచ్చోడిలా నవ్వు వచ్చేసింది. అన్వర్ బాషా! జన్మలో ఒక జోకు వెయ్యని మనిషి! ఒంటరిగా బీచికి పోయి, వంగి, ఏరి, అయిదు కవర్లు చుట్టి, సీరియస్‌గా పేరు రాసి పంపించాడు. నా దగ్గర పదేళ్ళు ఉచితంగా నేర్చుకున్న విద్య నా మీదే ప్రయోగించాడు. గురువుకి ఇంతకన్నా ఏం కావాలి!

గార్డమ్మ నవ్వలేదు. బయటి మట్టి దీవిలోకి రాకూడదట, అందులో ఏ గింజ ఉందో, ఏ పురుగు గుడ్డు ఉందోనట. తిండి అని అబద్ధమాడి ఇసుక తెచ్చానని ఇంకో ఇద్దర్ని పిలిచింది. నన్ను జెట్టీ చివర సిమెంటు బెంచీ మీద కూచోబెట్టారు. పెద్దాఫీసరు వచ్చేదాకా కదలొద్దన్నారు. బాబా వాళ్ళు దీవిలోకి వెళ్ళిపోయారు. నీడ లేదు. నాలుగు గంటలు. సరిగ్గా నాలుగు గంటలు. పొద్దున్న పదింటి నుంచి రెండింటి దాకా.

అక్కడ కూచుని చూసింది రాస్తున్నాను.

పక్కనే ఒక ముసలమ్మ పడుకునే వల ఉయ్యాల అల్లుతోంది. మగ్గం లేదు, సూది లేదు. ఏదో చెట్టు బెరడు నానబెట్టి తీసిన పీచు, రెండు వేళ్ళు, అంతే. మా అమ్మ కొబ్బరి పీచు తొడ మీద పేనేది. నేనూ రెండు పోగులు తీసి అలాగే పేని చూపించాను. ఆవిడ పట్టి లాగింది. తెగింది. నా చేతి మీద ఒక్కటేసి, తన పోగు ఇచ్చి లాగమంది. ఎంత లాగినా తెగలేదు. బోసి నోరంతా తెరిచి నవ్వింది. అలాంటి ఉయ్యాల ఒకటి పూర్తవ్వడానికి నెలలు పడుతుందని సైగలతో చెప్పింది. నెలల తరబడి పేనితే గానీ ఒక మనిషి బరువు మొయ్యదన్నమాట. బాషాగారూ, మీరూ నేనూ పదేళ్ళు పేనుకున్నాం. నేను ఒక్క ఫోనుతో తెంపేశాను.

ఇంకోటి. అక్కడ కొండ పీతలు ఉన్నాయి. చిన్నవాటిని పట్టకూడదు, గుడ్లున్న వాటిని పట్టకూడదు. పట్టిన ప్రతి పీతకీ వీపు మీద స్టిక్కరు ఉండాలి. పీతకి ఇఖామా! ఒక బుట్టలో స్టిక్కర్లతో వరసగా చూస్తుంటే జవాజాత్ ఆఫీసులో ఇఖామా కోసం క్యూ కట్టిన మన వాళ్ళలాగే అనిపించాయి. అందులో ఒకటి పక్కకి తిరిగి, మొహం చూపించకుండా మూల కూచుంది. దానికి అన్వర్ అని పేరు పెట్టాను.

రెండింటికి వదిలారు. ఇసుకని కాగితం కవర్లో పోసి, దీంతో పాటే వెనక్కి పో అన్నారు.

ఎండలో అన్ని గంటలు ఊరికే నిలబడ్డం ఎలా ఉంటుందో ఇవాళ తెలిసింది.

17 జులై

బాషాగారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

20 జులై, ఆదివారం

మహబూలా. ఎర్ర మగ్గు పగిలి ఉంది. మణి, జుట్టు రాలలేదు చూడు అని తల చూపించాడు. నిజంగా వెళ్ళొచ్చానని పాస్‌పోర్టు మీద ముద్ర గోకి చూసి గానీ నమ్మలేదు.

బాషాగారు బియ్యం కడుగుతున్నాడు. ఇసుక ఊసు నేను ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. కానీ బియ్యం ఒకసారి కడిగేవాడు నాలుగుసార్లు కడిగాడు.

22 జులై, మంగళవారం

నిన్న డైరీ దిండు మీద పెట్టి డ్యూటీకి వెళ్ళాను. 16వ తేదీ పేజీలో బోర్డింగ్ పాస్ పెట్టాను, వెతుక్కునే శ్రమ లేకుండా.

ఇవాళ పొద్దున్న చెప్పులేసుకుంటుంటే వంటింట్లోంచి గొంతు వచ్చింది. మొదట రేడియో అనుకున్నాను.

నీళ్ళన్నా ఇచ్చినారా రాజూ నీకు, అంత ఎండలో, అని అడుగుతున్నాడు.

పద్నాలుగు వారాల తరవాత మొదటి మాట అది. ఒక చెప్పుతో నిలబడిపోయాను. లేదండీ, చుక్క కూడా ఇవ్వలేదు అన్నాను.

ఆయన నా వైపు చాలాసేపు చూశాడు. తరవాత భుజాలు ఊగడం మొదలెట్టాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. గరిటె పట్టుకుని, గట్టు మీద ఒరిగి, కళ్ళు తుడుచుకుంటూ, థూ నీ పాసుగాల, అయిదు కవర్లూ అందరి ముందర ఇప్పినావా, ఒక్కొక్కటి ఇప్పినావా అని మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. మూడుసార్లు చెప్పాను. మూడోసారికి క్యూలో వందమంది ఉన్నారు.

తరవాత నిజం పప్పుల పొడి తీసి, వేడన్నంలో నెయ్యేసి పెట్టాడు. డ్యూటీకి అరగంట లేటు. బాబా, ఏమైంది నీకు అన్నాడు. మా ఇంట్లో మనిషి మాట్లాడాడు అన్నాను. అల్‌హందులిల్లా అని ఊరుకున్నాడు. పెద్ద మనసు.

25 జులై, శుక్రవారం

నమాజు నుంచి వచ్చి బాషాగారు నా మంచం మీద కూచున్నాడు. ఫోన్ తీశాడు. నిఖా వీడియో. ఇన్నాళ్ళూ చూడలేదట. ఒక్కణ్ణే చూడలేకపోయినాను, నువ్వూ చూడు అన్నాడు. ఆ రోజు ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని ఉన్నాడు.

చూశాం. పచ్చ పందిరి, ఆడవాళ్ళ హడావుడి, మధ్యలో ఆస్మా. ఒకచోట ఆ పిల్ల తలెత్తి, అబ్బా లైన్లో ఉండాడా అని అడిగింది. ఎవరో ఆడమనిషి వెంటనే ఉండాడమ్మా, చూస్తా ఉండాడు అంది. పిల్ల మొహం విచ్చుకుంది.

ఆ ఆడమనిషి ఎవరో గానీ, ఆవిడ కాళ్ళకి నా నమస్కారం.

క్షమించండి బాషాగారూ అన్నాను. ఎటకారం లేకుండా ఒక మాట నా నోట్లోంచి రావడం ఆయనకి కొత్త. చూస్తా ఉన్నా గదా ఇప్పుడు, అది అబద్ధం కాకుండా పోయిందిలే అన్నాడు.

సాయంత్రం ఇద్దరం బీచికి పోయి ఆ ఇసుక పోసేశాం. దీని ఇఖామా ఇక్కడిదేలే అన్నాడు. జోకులు వస్తున్నాయి మనిషికి. వెళ్ళిపోయే ముందు.

28 జులై, సోమవారం

బాబా కారు ఇచ్చాడు. బాషాగారిని ఎయిర్‌పోర్టులో దించాను. పెట్టె టేపు నేనే చుట్టాను. లోపల ఏం పెట్టినావురా అని అనుమానంగా రెండుసార్లు తడిమాడు. ఏం పెట్టలేదు. నిజంగానే. ఆయన మాత్రం రాయచోటి దాకా నమ్మడు.

29 జులై

మూడో మంచం ఖాళీ. డైరీ తిరగేశాను. 16వ తేదీ పేజీ అడుగున, ఇంకో పసుపు వేలిముద్ర పక్కన, పెన్సిలుతో చిన్న అక్షరాలు. కింద తేదీ కూడా వేశాడు, 21 జులై. అంటే నాతో మాట్లాడక ముందు రోజు.

నువ్వు జెట్టీలో కూచోనుంటే బాబా కుర్చీ ఎవరు తోసినారు రాజూ?

30 జులై

నేనే తోశాను బాషాగారూ. దీవి అంతా. ఆ నాలుగు గంటలు పచ్చి అబద్ధం, నాలుగు నిమిషాల్లో వదిలేశారు. గార్డమ్మ నవ్వింది కూడా.

నీళ్ళూ ఇచ్చింది.