బత్తాయి దెబ్బ

మల్లేశన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. దిల్‌సుఖ్‌నగర్‌లో నువ్వు మూటలు మోసిన పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిపోయింది. ఆ రోడ్డంతా ఇప్పుడు అద్దాల దుకాణాలే.

మార్కెట్లో నా సువార్త ప్రసంగం పొడుగైతే కుళ్లిన బత్తాయితో కొట్టడం మీ హమాలీల ఆచారం. "జర జల్దీ కానియ్యుండ్రి అయ్యగారూ, లారీ ఒచ్చింది" అంటూ మొదటి కాయ నువ్వే విసిరేవాడివి.

ఈ ఉదయం బైబిలు చేతబట్టుకుని ఆ పాత మార్కెట్ రోడ్డు మీదే నిలబడి నిప్పులు కురిపించాను. ఎవరూ కొట్టలేదు, ఎవరూ ఆగనూ లేదు. ఇక నా మాట ఎవరికీ అక్కర్లేదేమోనని భయమేసింది. బస్సెక్కి బాటసింగారం వెళ్లి, ఖాళీ పండ్ల డబ్బా మీద నిలబడి మళ్లీ మొదలుపెట్టాను. అరగంటకి బత్తాయి వచ్చి భుజానికి తగిలింది. విసిరింది అక్కడ కాయలు ఏరుతున్న నీ భార్య, మా ఎల్లమ్మ వదిన.

"ఆయన లేడని ఇడిసిపెడ్తమనుకున్నరా అయ్యగారూ?"

హమాలీలంతా నవ్వారు గానీ వినడం మాని ఒక్కరూ కదల్లేదు. తెల్లచొక్కా మీద మరక పడింది. ఆదివారం చర్చిలో కూడా ఇదే వేసుకుంటాను.