ఓమెనా మేత మానేసింది

హిర్విసాల్మి, 8 జనవరి 1996

పాల సహకార సంఘం మేత సలహాదారు హెల్వీ రాసనెన్ గారికి, తౌనో హౌతాలా నమస్కరించి రాసేది.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మీ సంఘానికి పాలు పోస్తున్నాను. ఇన్నేళ్ళలో ఒక్క సలహా అడగలేదు. మా ఇంట్లో అడిగే అలవాటు లేదు. పాల లారీ నడిపే ఒస్మో మొన్న నన్ను ఎగాదిగా చూసి, "సభ్యులకి సలహా ఉచితం తౌనో. ఎవరూ వాడుకోక అది ఆఫీసులో బూజు పట్టిపోతోంది. రాయవయ్యా" అన్నాడు. ఫోన్ చెయ్యొచ్చుగా అని మీరు అనొచ్చు. ఫోన్‌లో అవతలివాళ్ళు వెంటనే జవాబు అడుగుతారు. అది నా వల్ల కాదు.

నాకు తొమ్మిది ఆవులు. సమస్య ఓమెనా అనే ఆవుది. దాని పక్కనే కిర్యో ఉండేది. రెండూ ఒక తల్లి బిడ్డలు. పుట్టినప్పటి నుంచీ పక్కపక్కనే మేశాయి. ఒకదాన్నొకటి పెద్దగా పలకరించుకున్నది లేదు గానీ, వేళకి రెండు తలలూ ఒకేసారి కిందికి వంగేవి. అక్టోబరులో ఒకరోజు పొద్దున కిర్యో లేవలేదు.

అప్పటి నుంచీ ఓమెనాకి మేత సయించడం లేదు. గాడి దాకా వెళ్తుంది, చూస్తుంది, తిరిగొస్తుంది. ఒంటి బరువులో ఏడో వంతు పోయింది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తుంది. పళ్ళు కొరకడంతో పొద్దున దవడ నొప్పి. వెంట్రుకలు ఊడుతున్నాయి. కడుపులో ఎవరో పిడికిలి బిగించి పట్టుకున్నట్టు ఉంటుంది. వ్యవసాయ శాఖ నుంచి కవరు వచ్చిన రోజున గుండె దడ కూడా.

దీనికి మేతలో మందేమైనా ఉందా?

ఇట్లు,
తౌనో హౌతాలా

తా.క. కాఫీ మాత్రం తాగుతుంది. రోజుకి పదకొండు కప్పులు.


15 జనవరి 1996

తౌనో హౌతాలా గారికి, మేత సలహా విభాగం నుంచి హెల్వీ రాసనెన్ నమస్కారాలు.

ఇరవై ఆరేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను. ఆవుకి బీరు పట్టినవాళ్ళని చూశాను, పుట్టినరోజు కేకు పెట్టిన ముసలమ్మనీ చూశాను. పదకొండు కప్పుల కాఫీ మాత్రం ఇదే మొదలు. తక్షణం ఆపండి. మూడింటికి ఎందుకు లేస్తోందో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

మిగతా లక్షణాలన్నీ ఒత్తిడివే. తోడు పోయిన పశువు ఒళ్ళు రాత్రింబవళ్ళు పారిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి. పారిపోయే పశువుకి అరుగుదలతో పనేముంది? అందుకని కడుపు తలుపు మూసుకుంటుంది. మేత లోపలికి పోదు, పోయింది ఒంటబట్టదు, ఒంట్లో ఉన్న లవణాలు కూడా ఖర్చయిపోతాయి. నీరసపడ్డ ఒళ్ళు ఇంకా బెదురుతుంది. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి. గాడి దగ్గర ఆపడమే సులువు.

రోజుకి రెండుసార్లు, వేళ తప్పకుండా, గోరువెచ్చటి నీళ్ళలో కలిపిన తవుడు అర బకెట్టు, ఉడికించిన అవిశె గింజలు, ఒక లీటరు బెల్లపు మడ్డి, యాభై గ్రాముల మెగ్నీషియం పొడి పెట్టండి. ఒకేసారి కుమ్మరించకుండా కొద్దికొద్దిగా. అన్నిటికన్నా ముఖ్యం, పక్క చోటు ఖాళీగా ఉంచకండి. ఇంకో ఆవుని తెచ్చి కట్టండి. పక్కన నమిలే చప్పుడు వింటే ఆవు తనంతట తనే తల వంచుతుంది.

పాలు ఎంత తగ్గాయో మీరు రాయలేదు. రాయండి.

మీ సంఘపు ఉద్యోగిని,
హెల్వీ రాసనెన్

తా.క. మీ ఆవు కప్పుని గిట్టతో ఎలా పట్టుకుంటుందో తెలుసుకోవాలని మా ఆఫీసంతా కుతూహలంగా ఉంది.


హిర్విసాల్మి, 29 జనవరి

హెల్వీ రాసనెన్ గారికి, తౌనో వ్రాయునది.

కప్పు అన్నది లెక్క కోసం రాశాను. పాల గురించి అడిగారు. ఓమెనా పాల విషయంలో మొదటి నుంచీ అంతంతమాత్రమే.

మీరు చెప్పినవన్నీ బరువుని బట్టి తగ్గించి పెట్టాను. తవుడు గొంతులో గుచ్చుకుంది. బెల్లపు మడ్డి పర్వాలేదు. మెగ్నీషియం పొడి మాత్రం సుమారు ఒక చెంచా అయింది. తర్వాత మూడు రోజులు బయటి దొడ్డికి పరిగెత్తడమే పని. సున్నాకి కింద ఇరవై ఆరు డిగ్రీల చలి. రెండో రోజు బూట్లు వేసుకునే వ్యవధి కూడా లేకపోయింది. పరుగు ఆపమన్నారు గానీ, ఈ మందుతో పరుగు పెరిగింది.

పక్క చోటు గురించి. అక్కడ ఇంకెవరినీ ఉంచడం కుదరదు. దిండు ఇంకా అలాగే ఉంది.

ఇంకో సంగతి అడగాలి. అడగడానికే రెండు వారాలు పట్టింది. ఏ పనికీ రాని పశువుని ఎన్నాళ్ళని ఉంచుకుంటాం? ఫిబ్రవరి పదహారు, శుక్రవారం, కబేళా లారీ వస్తుంది. ఓమెనా సంగతి ఆ రోజుతో తేల్చేద్దామనుకుంటున్నాను. అది పోతే మిగతా తొమ్మిదింటినీ చూసుకోవడానికి సంఘం ఎవరినైనా పంపుతుందా? మంచి ఆవులు. చిన్నది మాత్రం పొదుగు ముట్టుకుంటే తంతుంది, ముందు దాని పేరు పిలిచి చెయ్యి వెయ్యాలి. వచ్చేవాళ్ళకి ఈ సంగతి చెప్పండి. వాటి తప్పేమీ లేదు.

కాఫీ తొమ్మిది కప్పులకి దించాను.

ఇట్లు,
తౌనో హౌతాలా

తా.క. ఒస్మో నన్ను చూసి, "ఏం తౌనో, ప్యాంటు ఇద్దరికి సరిపడా కుట్టించావా? రెండోవాడేడీ?" అన్నాడు. వాడికి నోరు ఎక్కువ.


31 జనవరి, ఒస్మో చేతికిచ్చి పంపుతున్నది

తౌనో గారికి, హెల్వీ నమస్కారాలు.

పోస్టు మీద నమ్మకం లేక లారీలో పంపుతున్నాను. ఇది మీకు అందేదాకా అక్కణ్ణుంచి కదలొద్దని ఒస్మోకి గట్టిగా చెప్పాను.

పదహారో తేదీన ఓమెనాని పంపడానికి వీల్లేదు. బరువు తగ్గిన పశువుకి ఆరు వారాలు సలహాదారు పర్యవేక్షణలో మేత పెట్టి చూడాలి. అదీ నిబంధన. కొత్తది. ఎక్కడుందని అడక్కండి, అది నా దగ్గర ఉంది.

వెనకటి మేత రద్దు. మెగ్నీషియం డబ్బా మూత బిగించి అటక మీద పడెయ్యండి. ఇకనుంచి ఇదీ మేత.

పొద్దున ఆరింటికి పాలల్లో ఉడికించిన ఓట్స్ జావ, మధ్యలో వెన్న ముద్ద, పైన అడవి ఎర్ర పళ్ళు గుప్పెడు. పదకొండింటికి నల్ల రొట్టె, దాంతో వెన్నలో వేయించిన చెరువు చేపలు నాలుగో అయిదో. మంచు కింద వల వెయ్యడం మీకు వచ్చే ఉంటుంది. సాయంత్రం ఉడికిన బంగాళాదుంపలు, ఒక గుడ్డు. ఒంట్లో అయిపోయిన లవణాలు గింజల్లో, చేపల్లో, పళ్ళలో ఉన్నాయి, పొడి డబ్బాలు అక్కర్లేదు. ఆకలి లేకపోయినా వేళకి ముందు పెట్టాలి. అంతా తినలేకపోతే అయిదు ముద్దలు చాలు. కడుపుకి తినడం ఎలాగో మళ్ళీ గుర్తు చెయ్యాలి, అది ఒక్కరోజులో అయ్యే పని కాదు. కాఫీ మూడు కప్పులు, మధ్యాహ్నం లోపే.

వారం వారం ఎంత తిన్నదీ రాసి పంపాలి. రాయకపోతే నేనే వచ్చి చూస్తాను.

హెల్వీ రాసనెన్

తా.క. జావ గిన్నెలో పోసి చెంచాతో పెట్టండి. బకెట్టు వద్దు.


హిర్విసాల్మి, 7 ఫిబ్రవరి

హెల్వీ గారికి, తౌనో రాస్తున్నాను.

మీ ఆరోగ్యం ఎలా ఉంది? ఊరికే అడగడం లేదు. యాభై ఏళ్ళుగా ఆవుల మధ్య బతుకుతున్నాను. ఆవుకి వేయించిన చేపలు పెట్టమన్నవాళ్ళని చూడలేదు. పోయిన ఏడాదే యూరప్ కూటమిలో చేరాం కదా, ఇది బ్రసెల్స్ వాళ్ళ కొత్త పద్ధతేమో అనుకున్నాను. ఒస్మోని అడిగితే తల గోక్కున్నాడు.

"ఆవిడకి ఏమైంది ఒస్మో?" అన్నాను.

"అర్వో పోయాక మనిషి సగమైపోయింది తౌనో. పోయిన ఏప్రిల్‌లో పోయాడు కదా, వాళ్ళాయన. అప్పటి నుంచి ఆఫీసు సింకు దగ్గర నిలబడి ఒక బిస్కట్టు కొరుకుతుంది, అదే ఆవిడ భోజనం. మాకందరికీ మాత్రం ఏం తినాలో చెప్తుంది."

నాకు తెలియదు. తెలిస్తే మొదటి ఉత్తరంలోనే ఏదో ఒకటి రాసేవాణ్ణి. ఏం రాయాలో తెలియదు గానీ, రాసేవాణ్ణి.

మీరు ఆవుకి రాసిచ్చినది మీరే తిని చూస్తే బావుంటుంది. ఓమెనాకి పెట్టాను. చేపలు మూడు తింది. జావ సగం గిన్నె. నిన్న తెల్లవారుజామున అయిదింటి దాకా లేవలేదు. అక్టోబరు తర్వాత అంతసేపు పడుకోవడం ఇదే మొదలు.

అలాగని మంచిగా ఉందని కాదు. సాయంత్రం బల్ల ముందు కూర్చోవడం చాలా కష్టంగా ఉంది. పదహారో తేదీ మాట నేను వెనక్కి తీసుకోలేదు.

ఇట్లు,
తౌనో

తా.క. చేపలు వేయిస్తుంటే మిగతా ఆవులు నోరెళ్ళబెట్టి చూస్తాయేమోనని భయపడ్డాను. అవి కొట్టంలో ఉంటాయి, వంటింట్లోకి రావు. ఈ ముక్క కొట్టేద్దామంటే వేరే కాగితం లేదు.


12 ఫిబ్రవరి, ఇదీ ఒస్మో చేతికే

తౌనో గారికి, హెల్వీ నమస్కారాలు.

మీ ఆవులన్నిటి పేర్లూ మా రిజిస్టరులో ఉంటాయి. ఆ సంగతి మీరు మర్చిపోయినట్టున్నారు. ఓమెనా 1991లో కబేళాకి పోయింది. కిర్యో అనే ఆవు మీ కొట్టంలో ఏనాడూ లేదు. అక్టోబరులో మీ ఇంట్లోంచి పోయింది మీ అన్న వెయిక్కో. ఆ ప్రకటన మా పేపర్లో వచ్చింది, నేను చదివాను కూడా, అప్పట్లో నా కళ్ళకి ఏదీ ఆనేది కాదు.

రిజిస్టరు తియ్యకముందే నాకు తెలిసింది. తొమ్మిది ఆవుల్లో ఒకటి పోతే తొమ్మిదే మిగులుతాయని మీరు రాశారు. మూడుసార్లు కూడి చూశాను. తర్వాతే రిజిస్టరు తీశాను.

అప్పుడే ఎందుకు అనలేదంటారా? అంటే మీరు రాయడం మానేసేవారు. ఆవు పేరు మీదైనా రాస్తున్నారు, అదే పదివేలు అనుకున్నాను. మీ కడుపు ఒప్పుకునే మేత రాసి పంపాను. చేపల విషయంలో నాకు పిచ్చెక్కిందనుకున్నారు. పర్వాలేదు, మెగ్నీషియం సంగతిలో నేను మిమ్మల్ని అలాగే అనుకున్నాను. ఆ మూడు రోజులకి మాత్రం క్షమించండి.

ఇవాళ పొద్దున కబేళాకి ఫోన్ చేశాను. పదహారో తేదీ లారీ రద్దు చెయ్యమన్నాను. అవతల అబ్బాయి పుస్తకమంతా వెతికాడు. "పదహారున హిర్విసాల్మికి లారీ ఏదీ లేదమ్మా. హౌతాలా గారు మమ్మల్ని ఏమీ అడగలేదు" అన్నాడు.

తౌనో, నాకు చాలా భయం వేసింది. ఆ భయం మీకు తెలియాలని రాస్తున్నాను.

ఈ ఉత్తరం ఇచ్చాక ఒస్మో వెళ్ళడు. ఈ రాత్రి మీ వంటింట్లో బల్ల మీద పడుకుంటాడు, గురక భరించండి. రేపు పొద్దున ఆరోగ్య కేంద్రం నర్సు వస్తుంది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. ఆవిడ ఏమడిగినా ఓమెనా గురించి చెప్పకండి, మీ గురించి చెప్పండి. ఇది మేతతోనే తీరేది కాదు.

గురువారం పదిహేనో తేదీ, పదకొండింటికి నేను వస్తాను. గురువారం మన ఇళ్ళల్లో బఠాణీ సూపు రోజు కాబట్టి అదే తెస్తాను, పెద్ద గిన్నెతో. ఒస్మో మీకు చెప్పింది నిజమే. సింకు దగ్గర నిలబడి తింటే ఎదురుగా ఖాళీ కుర్చీ కనబడదు. పది నెలలుగా నేను కనిపెట్టిన ఉపాయం అదొక్కటే. ఇరవై ఆరేళ్ళు ఆవు ఒంటరిగా మేయదని ఊరూరా చెప్పి, ఆ ముక్క నాకు నేను చెప్పుకోలేదు. మీరు తినాలి, నేను తినాలి. ఎవరు ముందు తల వంచుతారో గురువారం చూద్దాం.

మీ
హెల్వీ

తా.క. మీ అన్న చోట్లో నేను కూర్చోను. కూర్చోవడానికి స్టూలు నేనే తెచ్చుకుంటాను.

ఇంకో తా.క. మేత పరీక్ష కాగితం మీద పశువు యజమాని సంతకం కావాలి. గిట్ట ముద్ర చెల్లదు.


14 ఫిబ్రవరి, కార్డు, ఒస్మో చేతికే

హెల్వీ గారికి.

నర్సు వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నా గురించే చెప్పాను. గంట పట్టింది.

స్టూలు తేవద్దు. వెయిక్కో కుర్చీలోని దిండు మంచులో దులిపి ఆరేశాను. అక్కడే కూర్చోండి.

ఓమెనా

తా.క. ఒస్మో గురక నిజంగానే ఘోరం. కానీ ఆరింటి దాకా పడుకున్నాను.