అమ్మ పసుపు వేసిన పడవ

నందికొండ, 1968

బాపుకు మీ కొడుకు ఎల్లస్వామి దండాలు. నేనూ అమ్మా బాగున్నాం, పడవ కుదిరింది.

చెల్లె అండాలు కాన్పుకు దవాఖాన ఆవలి ఒడ్డున ఉంది కాబట్టి వేగంగా పోయే మోటారు పడవే కొని తెమ్మన్నారు మీరు. ముందు అదే ఎక్కి చూశాం. సన్నటి పడవ, బాణంలా పోయింది. నడిమధ్యకు రాగానే అమ్మ ఎప్పటిలాగే కృష్ణమ్మకు పసుపు కుంకుమ వేయబోయి అంచు మీదికి వంగింది. తోడొచ్చిన ఆడవాళ్లంతా మొక్కుతూ అటే వంగారు. పడవ ఒరిగి నీళ్లు లోపలికొచ్చాయి.

"గట్ల వంగొద్దమ్మా!" అని పడవవాడు అరిచాడు.

"కిష్ణమ్మకు మొక్కకుంట ఎట్ల దాటుతం? ఇంకోటి చూపియ్యి" అంది అమ్మ.

రెండోది వెడల్పు పడవ. మోటారు చిన్నది, నిదానంగా పోతుంది. అందులోనూ అందరూ ఒకేవైపు వంగారు, అది ఒరగలేదు. అదే తీసుకున్నాను, కోప్పడకండి.

ఈ వెడల్పు పడవ ఒడ్డుకు ఆనేలా మన రేవులో ముళ్లకంప తీయించండి. మీ కాలి వాపు తగ్గిందా? బర్రె ఈనిందా?

అండాలును భయపడవద్దనండి. దవాఖానకు పోయేటప్పుడు అమ్మ నడిమధ్యన ఎంతసేపు మొక్కినా ఇక ఫికర్ లేదు.

ఎల్లస్వామి